బండి వణకినపుడు మొదట చూడవలసినది



వెనుకటి సంచికలో కుట్టుమిషనుపై దారము మాటిమాటికి తెగుటకు గల కారణములను ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున నంతకంటె బరువైన సంగతి నెత్తుకొనవలసి వచ్చినది. పాడేరు ప్రాంతమునుండి యొక సోదరి వ్రాసిన జాబు నా యెదుట నున్నది. వారి యింట నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు చిన్న బండి యొకటి కలదట. బండి పాతది. కొండదారిలో నెమ్మదిగా నడచునంతసేపు చక్కగనే యుండును. మైదానమునకు దిగి గంటకు 65 కిలోమీటరుల వేగ మందుకొనుసరికి స్టీరింగు చక్రము చేతులలో గడగడ వణకును. ఒడిలోని పిల్లవాడు బెదరి యేడ్చును. మెకానిక్కు నడిగినచో "పాతబండి గదమ్మా, అంతే" యనును. ఇంటివారును అదే మాట యనుచున్నారు. "ఇది నిజముగా భయపడవలసినదేనా, లేక నా పిఱికితనమా?" యని యామె ప్రశ్న.

సమాధానము ముందే చెప్పెదను. భయపడవలసినదే. బండి పాతబడుట వేఱు, వణకుట వేఱు. ఎంత పాతబండియైనను, దాని కీళ్లు సరిగా నున్నంతకాలము వణక నక్కఱలేదు. వణుకు జ్వరమువంటిది. జ్వరము రోగము గాదు, లోపల నున్న రోగమునకు గుఱుతు. మన వైద్యశాస్త్రమున మాధవకరుడు ప్రధానముగ రోగనిర్ణయమునకే యొక గ్రంథము రచించెను. నిదానము కుదిరినగాని చికిత్స కుదరదని పెద్దల యభిప్రాయము. బండి విషయమునను అంతియే. ఈ నిదానమున సగము పనిని పానా పట్టకయే మనము చేయవచ్చును. తోలువాని దృష్టి దారిపై నుండును. ప్రక్కన గూర్చున్నవారికి గమనించుటకు తీరిక యుండును. ఆ గమనికయే ఆధారము.

ముందుగా బండి నిర్మాణము కొంచెము తెలియవలయును. మన దేశమున 1985లో వెలువడిన జిప్సీని మీరందఱు నెఱుగుదురు. 2019 నాటికి దానిని సామాన్యులకు అమ్ముట నిలిచిపోయినను, కొండప్రాంతములయందు నేటికిని అది కానవచ్చుచునే యున్నది. 2023లో మన దేశపు విపణికి వచ్చిన ఐదు తలుపుల జిమ్నీ ఆ వంశములోనిదే. ఈ జాతి బండ్లలో ముందు చక్రములు రెండును ఒకే గట్టి ఇరుసునకు చెఱియొక కొనను బిగింపబడియుండును. నేటి మామూలు కార్లలో నట్లుగాక ముందు చక్రములు దేనికది వేఱుగా వ్రేలాడును. గట్టి ఇరుసు కావడిబద్దవంటిది. ఒక కొన పైకి లేచిన రెండవ కొన క్రిందికి వంగును. రాళ్లదారిలో నిది మిక్కిలి మేలు. చక్రములు నేలను విడువవు. కాని ఒక చక్రమున పుట్టిన కుదుపు ఇరుసు వెంటను, రెండు చక్రములను గలుపు టై రాడ్డను కడ్డీ వెంటను రెండవ చక్రమునకు బోవును. అది తిరిగి మొదటిదానికి వచ్చును. కీళ్లు బిగువుగా నున్న ఆ కుదుపు అంతటితో నడగిపోవును. వదులుగా నున్నచో ఊయలను సరియైన సమయమున మరల మరల త్రోసినట్లు పెరిగిపోవును.

ఆ వణుకు ఒక నియతమైన వేగముననే యేల వచ్చును? చిన్న లెక్క చూడుడు. ఈ బండ్ల టైరు చుట్టుకొలత కొంచె మెచ్చుతగ్గుగా 2.1 మీటరులు. గంటకు 72 కిలోమీటరుల వేగమున బండి క్షణమునకు, అనగా సెకనునకు, 20 మీటరులు పోవును. కావున చక్రము సెకనునకు 9 మాఱులకు పైగా తిరుగును. ఇప్పుడు 15 అంగుళముల రిమ్ము అంచున నొకచోట 30 గ్రాముల బరువు, అనగా రెండు చెంచాల బురద, అధికముగా నున్నదనుకొనుడు. ఆ వేగమున నది రమారమి 2 కిలోల బరువు లాగునంతటి బలముతో చక్రమును వెలుపలికి లాగును. అదియు సెకనునకు 9 మాఱులు, ప్రతిమాఱు దిక్కు మార్చుచు. వేగము సగమైనచో నీ బలము నాలుగవ వంతు మాత్రమే. అందుచేతనే నెమ్మదిగా నడచునపుడు తెలియదు. చక్రములును కడ్డీలును గలిసిన యా సముదాయమునకు సహజమైన ఊపు ఒకటి కలదు. చక్రపు తిరుగుడు ఆ ఊపుతో గలిసిన వేగముననే వణుకు పెల్లుబుకును.

ఇక గమనింపవలసిన లక్షణములు. ఒక కాగితముపై వ్రాసికొనుడు.

మొదటిది: వణుకు ఏ వేగమున మొదలిడి, ఏ వేగమున పోవుచున్నది? 65లో వచ్చి 85లో దానంతటది తగ్గునేని, టైర్ల బరువు సమముగా లేకుండుట ప్రధానమైన యనుమానము.

రెండవది: గోతినో వంతెన అతుకునో దాటగానే హఠాత్తుగా మొదలిడి, బండి బాగుగా నెమ్మదించువఱకు ఆగకున్నదా? ఇది అన్నిటికంటె ప్రమాదకరము. ఎక్కడనో కీలు వదులైనదని దీని యర్థము.

మూడవది: బ్రేకు నొక్కినపుడు మాత్రమే వచ్చుచున్నదా? ఐనచో దోషము బ్రేకు పళ్లెములయందు వెదకవలయును. ఆ పళ్లెపు మందము అంతట సమముగా లేకున్న నిట్లగును.

నాలుగవది: వణుకు చేతులలో తెలియుచున్నదా, కూర్చున్న సీటులో తెలియుచున్నదా? చేతులలోనిది తఱచుగా ముందు చక్రములది. సీటులోనిది వెనుక చక్రములది.

ఐదవది: పొడి తారురోడ్డుపై మలుపు తిరుగునపుడు బండి పట్టిపట్టి యీడ్చినట్లు కుదుపుచున్నదా? ఐనచో చిన్న గేరుకఱ్ఱను చూడుడు. బురదలో నాలుగు చక్రముల పట్టు వేసి, తారురోడ్డు చేరినపిదప తీయ మఱచియుందురు. ఈ బండ్లలో ఆ పట్టు వేసియున్నంతసేపు ముందుటి ఇరుసును వెనుకటి ఇరుసును ఒకదానితో నొకటి బిగిసి తిరుగును. మలుపులో ముందు చక్రములు ఎక్కువ దూరము పోవలసియుండును గావున గట్టినేలపై పెనుగులాట పుట్టును. ఇది వణుకురోగము గాదు. రెండు చక్రముల నడకకు మార్చిన చాలును.

ఈ కాగితము చేత నుండగా చికిత్సకు బూనవచ్చును. ఇందు క్రమము ముఖ్యము. ఖర్చు లేనిది మొదట, స్వల్పమైనది పిదప, అధికమైనది కడపట.

ఖర్చు లేనివి మూడు. ఒకటి, నాలుగు చక్రముల రిమ్ములను లోపలివైపు గూడ నీటితో కడుగుడు. పొలముగట్ల వెంట తిరిగిన బండికి రిమ్ము లోపల బురద పేరుకొని యెండి యిటుకవలె నంటియుండును. వెలుపలినుండి కానరాదు. ఈ యొక్క పనితోనే వణుకు పోయిన బండ్లు కలవు. రెండు, బండి చల్లగా నున్నపుడు గాలి కొలిపించి, తలుపు చట్రమునొద్ద అంటించియుండు కాగితముపై ముద్రించిన యంకెకు సరిపుచ్చుడు. ఆ సమయముననే టైర్లపై అరచేయి త్రిప్పి చూడుడు. ఒకచోట ఉబ్బుగాని, అలలవంటి మిట్టపల్లములుగాని తగిలినచో ఆ టైరు పనికిరాదు. ఉబ్బిన టైరు ఎప్పుడైనను ప్రేలవచ్చును. మూడు, చక్రపు నట్టులు బిగువుగా నున్నవేమో చూడుడు. బిగించునపుడు వరుసగా గాక, ఒకదాని పిదప దానికెదుటి దానిని బిగింపవలయును. అట్లు చేసినగాని చక్రము సమముగా కూర్చుండదు.

ఇవి చేసినను వణుకు పోకున్నచో ముందు చక్రములను వెనుకకును, వెనుకవానిని ముందునకును మార్పించి మరల నడపి చూడుడు. వణుకు చేతులనుండి సీటులోనికి పోయినచో దోషము టైరుదో రిమ్ముదో యని తేలినట్లే. అపుడు టైరుల దుకాణమున బ్యాలెన్సింగు చేయింపవలయును. యంత్రముపై చక్రమును త్రిప్పి, తేలికైనచోట చిన్న సీసపుబిళ్లల నంటింతురు. రిమ్ము వంకర యున్న నదియు నక్కడనే బయటపడును. వెనుకకు మార్చినను చేతులలో వణుకు తగ్గకున్నచో దోషము చక్రములది గాదు. వానిని పట్టియుంచు కీళ్లది.

కీళ్లపరీక్షకు ఇద్దఱు కావలయును. జాకీ వేయుటకు ముందు బండి గట్టి సమతలమున నుండవలయును. చేతిబ్రేకు వేసి, వెనుక చక్రములకు రాళ్లు అడ్డము పెట్టవలయును. లేపిన పిమ్మట ఇరుసు క్రింద బలమైన స్టాండు నుంచవలయును. జాకీ నొక్కదానినే నమ్మి బండి క్రిందికి తల దూర్పరాదు. ఈ మాట మగవారికి గూడ చెప్పుడు; వారే తఱచుగా నీ పొరపాటు చేయుదురు.

ముందు చక్ర మొకటి నేలనుండి లేచిన తరువాత దానిని గడియారపు ముఖమనుకొనుడు. ఒక చేయి 9 వద్దను, ఒక చేయి 3 వద్దను ఉంచి ప్రక్కలకు ఊపుడు. కదలిక యున్నచో టై రాడ్డు కొనలందలి కీళ్లు అరిగినవేమో చూడవలయును. ఆ కీలు మన తుంటికీలువంటిది: గిన్నెలో గుండు. రెండవవారు చక్రము నూపుచుండగా ఆ కీలును చేతితో పట్టుకొన్నచో లోపల టిక్కుటిక్కుమను నాడింపు వ్రేళ్లకు తెలియును. పిదప చేతులను 12 వద్దను 6 వద్దను ఉంచి పైకిని క్రిందికిని ఊపుడు. ఇక్కడ కదలిక కనబడినచో దోషము రెండింటిలో నొకటి: చక్రపు బేరింగుదో, లేక కింగ్ పిన్ బేరింగుదో.

ఈ రెండింటిని వేఱు చేయుటకు చక్కని యుపాయ మున్నది. రెండవవారిని బండిలో గూర్చుండి బ్రేకు గట్టిగా నొక్కియుంచుమని, మరల ఊపుడు. బ్రేకు నొక్కినపుడు చక్రము తన వెనుకనున్న భాగముతో బిగిసి యొకటగును. కదలిక మాయమైనచో చక్రపు బేరింగు వదులైనది. బ్రేకు నొక్కినను కదలిక అట్లే యున్నచో కింగ్ పిన్ బేరింగు చెడినది. ఒక్క పెడలుతో తేలు నీ సంగతి తెలియక రెండు బేరింగులకును సొమ్ము పోసినవారు కలరు.

కింగ్ పిన్ అననేమి? తలుపునకు మడతబందు లెట్లో, ముందు చక్రము కుడియెడమలకు తిరుగుటకు నిది యట్లు. పై నొకటి, క్రింద నొకటి బేరింగు లుండును. బందు లరిగిన తలుపు జారి, గాలికి కొట్టుకొనును. అట్లే ఈ బేరింగు లరిగినచో చక్రము తన యిష్టము వచ్చినట్లు ఊగును. జిప్సీవంటి బండ్లలో ఈ కీలు గుండ్రని లోహపు గోళమున నుండి, చుట్టును రబ్బరు సీలుతో కప్పబడియుండును. సీలు చినిగినచో వాగునీరును బురదయు లోపలికి బోయి గ్రీజును పాడుచేయును. గ్రీజు లేని బేరింగు తుప్పుపట్టి గుంటలు పడును. దీనిని బాగుచేయునపుడు క్రొత్త బేరింగులు వేయుటతో పని ముగియదు. షిమ్ములను సన్నని లోహపు రేకులను తీసి యుంచి, కీలునకు తగినంత బిగువు రప్పింపవలయును. షిమ్ము తీసినకొలది బిగువు హెచ్చును; పెట్టినకొలది తగ్గును. ఆ బిగువును స్ప్రింగుకాటాతో లాగి కొలుతురు. ఎంత యుండవలయునో బండి మరమ్మతు గ్రంథమున నుండును. "చేతివాటముగా బిగించితినమ్మా" యనువానిని కాటాతో కొలిచి చూపుమని అడుగుడు.

కింగ్ పిన్ బాగుగ నున్నచో ఇరుసును బండిచట్రమునకు బంధించు భాగములను చూడవలయును. జిప్సీలో కమానుకట్టలు, వానిని పట్టు యూ బోల్టులు, కొనలయందలి రబ్బరు బుష్షులు. జిమ్నీలో చుట్టల స్ప్రింగులు గావున ఇరుసు ప్రక్కలకు జరుగకుండ లేటరల్ రాడ్డను అడ్డుకడ్డీ యుండును. దాని కొనలందలి బుష్షులు చిట్లిన ఇరుసే అటునిటు జరుగును. ఈ పరీక్షకు బండి నేలపైననే యుండవలయును. ఒకరు స్టీరింగును కొద్దికొద్దిగా కుడియెడమలకు త్రిప్పుచుండగా, మఱియొకరు ప్రక్కనుండి ఆ కొనలను గమనింపవలయును. క్రొత్త బుష్షులు వేసినచో బండి తన బరువుతో చక్రములపై నిలిచియున్నపుడే ఆ బోల్టులను తుదిబిగువు చేయించుడు. బండిని గాలిలో నుంచి బిగించినచో, దింపగానే రబ్బరు మెలిపడి త్వరలో చినుగును. స్టీరింగు పెట్టెను చట్రమునకు పట్టు బోల్టులను గూడ ఆ సమయముననే చూడవలయును. ఆ పెట్టెపై నున్న మరను బిగించి ఆట తగ్గించెదమను వారుందురు. మితిమీరి బిగించిన స్టీరింగు బిగిసి, మలుపు తరువాత తిన్నగా రాక మొరాయించును. కీళ్లన్నియు సరియని తేలినగాని దాని జోలికి పోరాదు.

ఇవన్నియు ముగిసిన తరువాతనే అలైన్‌మెంటు. గట్టి ఇరుసు బండిలో మామూలుగా సరిచేయదగినది ముందు చక్రముల ముఖములు లోపలికెంత వంగియున్నవను కొలత మాత్రమే. అదియు కొలది మిల్లీమీటరుల సంగతి. కీళ్లు వదులుగా నుండగా ఈ కొలత తీయించుట సాగెడు తాడుతో రవికెగుడ్డను గొలిచినట్లుండును. నేడు కొలిచినది రేపు నిలువదు. పడుచువారు సొగసునకై బండి నెత్తుచేయించి పెద్ద టైర్లు వేయించుచున్నారు. ఎత్తుచేసినపుడు ఇరుసు కొంచెము తిరిగి, కింగ్ పిన్ వాలు మారును. సైకిలు ముందుచక్రపు ఫోర్కు వాలు మారినచో చక్రము తిన్నగా నిలువదు గదా! ఇదియు నంతియే. బరువైన టైరు దానికి తోడైనచో వణుకునకు పీట వేసినట్లే. మీ బండి యట్టిదైనచో ఆ సంగతి మెకానిక్కునకు ముందే చెప్పుడు.

కడపటిది స్టీరింగు డ్యాంపరు. కార్యాలయములలో తలుపు దభాలున మూసుకొనకుండ పై నొక గొట్టము బిగింతురు గదా, ఇదియు నట్టిదే. నూనెనిండిన గొట్టము స్టీరింగు కడ్డీల హఠాత్తు కదలికను మందగింపజేయును. 2018లో వెలువడిన జిమ్నీకి దీనిని నిర్మాతలే అమర్చిరి. రాళ్లదారి దెబ్బలు చేతులకు తగులకుండుటకు నిది మంచి సాధనమే. దాని గొట్టమునుండి నూనె కారుచున్నను, చేతితో లాగి నొక్కినపుడు ఎదురుబలము లేకున్నను మార్పవలయును. కాని వణుకునకు మూలమును వెదకక, మొట్టమొదట దీనినే మార్చుట నేటి మరమ్మతుశాలల వాడుకయై పోయినది. ఇచ్చటనే నేను గట్టిగా చెప్పదలచితిని.

దశరథుని రథపు ఇరుసుశీల యుద్ధమధ్యమున ఊడిపడగా, కైక ఆ రంధ్రమున తన చేతిని నిలిపి రథము కూలకుండ కాపాడెనను కథ మీరందఱు వినియున్నదే. వాల్మీకి రామాయణమున నీ శీలకథ లేదు. మూర్ఛిల్లిన భర్తను రణరంగమునుండి తప్పించిన కథయే కలదు. శీలకథ అధ్యాత్మరామాయణమున గానవచ్చును. కథ యేదైనను ఒకటి ఆలోచింపుడు. యుద్ధమున ఆ చేయి రథమును నిలిపినది, నిజమే. రథము నగరు చేరిన పిమ్మట వడ్రంగి క్రొత్త శీల వేయక, "రాణిగారి చేయి యున్నదిగదా" యని యూరకుండునా? క్రొత్త డ్యాంపరు ఆ చేయివంటిది. వణుకును పట్టియుంచును; వదులైన కీలును బిగింపదు. పైగా, వణుకు మనకు తెలియకుండ చేయును గావున కీలు లోలోపల మఱింత అరుగుచుండును.

మా యింటి సంగతి దీనికి తార్కాణము. మా యింటివారు కొండపల్లె బడిలో ఉపాధ్యాయులు. ఆ దారికై యొక పాత చిన్న బండి కొంటిమి. మూడేండ్ల క్రిందట దానికి వణుకు పట్టినది. పట్టణమున నొక మరమ్మతుశాలవారు చక్రమైనను లేపి చూడక డ్యాంపరు మార్చి, మా యొక నెల బియ్యపు బాకీయు పాలబాకీయు తీర్పదగినంత సొమ్ము తీసికొనిరి. వణుకు మటుమాయమైనది. రెండు మాసములు సుఖముగా తిరిగితిమి. ఒకనాడు పదవతరగతి పరీక్షకు నలుగురు బాలికలను ఎక్కించుకొని పోవుచుండగా వంతెన అతుకు దాటినంతనే బండి యొక్క పెట్టున నూగిపోయి, దారికి అడ్డముగా లాగినది. మా యింటివారు వేగము తగ్గించి యెట్లో నిలిపిరి. ఎవరికిని గాయము గాలేదు. తరువాత వేఱొక వృద్ధ మెకానిక్కు నాలుగు నిమిషములలో, పైన చెప్పిన బ్రేకుపరీక్షతో, ఎడమవైపు క్రింది కింగ్ పిన్ బేరింగు చెడినదని తేల్చెను. విప్పి చూపగా గ్రీజు మట్టియై, బేరింగు గుంటలు పడియున్నది. మొదటివారు ఆ నాలుగు నిమిషములు వెచ్చించియున్నచో నలుగురు పిల్లల ప్రాణము లా వంతెనపై తూగియుండవు. అందుచేతనే జాబు వ్రాసిన సోదరిని పిఱికిదని నే ననజాలను.

దారిలో అట్టి వణుకు వచ్చినచో నేమి చేయవలయునో తోలువారందఱు నెఱిగియుండవలయును. స్టీరింగును రెండు చేతులను గట్టిగా పట్టుకొనుడు. దానితో పెనుగులాడి అటునిటు త్రిప్పకుడు. కాలు ఆక్సిలరేటరునుండి తీసి వేగమును క్రమముగా పడనిండు; బ్రేకు ఒక్కసారిగా తొక్కకుడు. నెమ్మదించిన పిదప వణుకు ఆగును. అపుడు దారిప్రక్కకు దించి, నట్టులను, టైర్లను చూచి, మిగిలిన దూరము నెమ్మదిగా పోయి, ఆ దినముననే చూపింపుడు. "నెమ్మదిగా నడిపిన రాదుగదా" యని నెలలు గడపరాదు.

మరమ్మతుశాలకు బోవునపుడు మీరు వ్రాసిన కాగితమును వెంట తీసికొనిపొండు. "బండి వణకుచున్నది" యనిన వినువాడు తన కిష్టమైన భాగమును మార్చును. "65లో వచ్చును, గోతి దాటగనే హెచ్చును, చక్రములు మార్చినను చేతులలోనే యున్నది, 12-6 పట్టులో కదలుచున్నది, బ్రేకు నొక్కినను పోలేదు" అని చెప్పినచో వాడు మఱి దారి తప్పలేడు. మార్చిన పాతభాగమును ఇమ్మని అడుగుడు. అరుగుడు కంటికి చూపుమనుడు. ఒకేసారి నాలుగు భాగములు మార్పింపక, ఒకటి మార్చిన వెంటనే నడపి చూచి, తేదీయు బండి నడచిన కిలోమీటరులును పద్దుపుస్తకమున వ్రాసియుంచుడు. మూలము తెలిసినట్లును, సొమ్ము మిగిలినట్లును ఉండును.

బాగుచేయించిన తరువాత మొదటి పరీక్ష తప్పక చేయవలయును. మునుపు వణకిన వేగమునకు, మునుపు వణకిన దారిలోనే, పగటివేళ, రాకపోకలు తక్కువగా నున్నపుడు నెమ్మదిగా హెచ్చించుచు పోవలయును. ఆ పరీక్షకు బోవునపుడు మాత్రము పిల్లలను ఇంటనే దింపిపొండు.